సీమ విమానాశ్రయాలు: టికెట్ ఎందుకు అంత, సర్వీసు ఎందుకు ఇంత?

కర్నూలులో ఉండే కుటుంబం ఢిల్లీ వెళ్లాలంటే రెండు దారులున్నాయి. నంద్యాల రోడ్డు మీద, ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఓర్వకల్లు దగ్గరున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయానికి వెళ్లడం ఒకటి. సర్వీసు ఉన్న రోజైతే అక్కడ చిన్న విమానం ఎక్కి, ఇంకో నగరంలో దిగి, మళ్లీ పెద్ద విమానం పట్టుకోవాలి. కారు మాట్లాడుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడు, మూడున్నర గంటల్లో శంషాబాద్ చేరి, నేరుగా ఢిల్లీ విమానం ఎక్కడం రెండోది. డబ్బు లెక్క చూసినా, టైము లెక్క చూసినా రెండోదే కలిసొస్తుంది. నలుగురు కలిసి వెళ్తే కారు కిరాయి నలుగురూ పంచుకుంటారు, విమానం టికెట్ మాత్రం తలా ఒకటి కొనాల్సిందే. అందుకే ఊరి పక్కనే విమానాశ్రయం ఉన్నా కర్నూలు వాళ్లు పక్క రాష్ట్రానికి పోయి విమానం ఎక్కుతున్నారు.

కడపలో పరిస్థితి కొంచెం మెరుగు, అనంతపురంలో అసలు విమానాశ్రయమే లేదు. మూడు ఊళ్లలోనూ జనం అనే మాట మాత్రం ఒకటే: టికెట్ చూస్తే గుండె గుభేలుమంటుంది, సర్వీసు ఉంటుందో ఉండదో తెలియదు. దీన్ని విమానయాన సంస్థల అత్యాశ అనో, ప్రభుత్వాల నిర్లక్ష్యం అనో తేల్చేయడం మామూలైపోయింది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే చిక్కంతా అక్కడే లేదు. విమానాలు ఏ దిక్కుకు కావాలని అడుగుతున్నాం, నడిచిన విమానం వచ్చే ఏడాది కూడా నడుస్తుందన్న భరోసా ఎవరిస్తున్నారు అన్న రెండు ప్రశ్నలు సీమలో ఎవరూ గట్టిగా అడగడం లేదు. ధరల గొడవ మూలం ఆ రెండింట్లోనే ఉంది.

అసలు పోటీ రోడ్డుతో

2008కి ముందు హైదరాబాద్ విమానాశ్రయం అంటే బేగంపేట, బెంగళూరు విమానాశ్రయం అంటే హెచ్ఏఎల్. రెండూ నగరాల లోపలే ఉండేవి. కర్నూలు నుంచి వెళ్లినవాళ్లు హైదరాబాద్ పొలిమేర చేరాక కూడా ఊరంతా దాటుకుంటూ బేగంపేట చేరాలి. 2008 మార్చిలో శంషాబాద్, అదే ఏడాది మే నెలలో దేవనహళ్లి మొదలయ్యాయి. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది, దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన ఉంది. అంటే రెండు మహానగరాల విమానాశ్రయాలూ సీమ వైపు జరిగాయి. పైగా రెండూ ఒకే రహదారికి దగ్గర్లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు రహదారి అది. కర్నూలు నుంచి శంషాబాద్‌కు, అనంతపురం నుంచి దేవనహళ్లికి దూరం ఇంచుమించు సమానం, రెండూ 200 కిలోమీటర్ల లోపే. నాలుగు వరసల రోడ్డు, ఎక్కడా ఊరి మధ్య ట్రాఫిక్‌లో చిక్కుకునే పని లేదు.

ఓర్వకల్లు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో విమానం వేస్తే దానికి మొదటి పోటీదారు ఇంకో విమాన సంస్థ కాదు, ఈ రోడ్డే. విమానం గాల్లో ఉండేది గంట లోపే కావచ్చు. దానికి ఇంటి నుంచి ఓర్వకల్లు చేరే సమయం, గంటన్నర ముందే వెళ్లి చెక్-ఇన్ చేసుకునే సమయం, దిగాక లగేజీ కోసం ఆగే సమయం కలిపితే మొత్తం మూడు గంటలు దాటిపోతుంది. ఆ మూడు గంటల్లో కారు శంషాబాద్ దగ్గరే ఉంటుంది. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలై కర్నూలు సిటీలో, అనంతపురంలో ఆగుతుండడంతో రైలు కూడా గట్టి పోటీకొచ్చింది.

కడప సంగతి వేరు. హైదరాబాద్‌కు రోడ్డు మీద సుమారు 400 కిలోమీటర్లు, బస్సులో రాత్రంతా ప్రయాణం. అందుకే కడప నుంచి హైదరాబాద్ విమానానికి అర్థం ఉంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ, చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద తొలి విమానాలకు జెండా ఊపినప్పుడు సిమ్లా-ఢిల్లీ, నాందేడ్-హైదరాబాద్‌లతో పాటు కడప-హైదరాబాద్ కూడా ఉంది. దేశంలో మొట్టమొదటి ఉడాన్ సర్వీసుల్లో ఒకటి కడపకు రావడం గట్టి గుర్తింపే. ఆ గుర్తింపును నిలబెట్టుకోవడంలో ఏం జరిగిందన్నది ముందు ముందు చూద్దాం.

టికెట్‌లో ఏముంటుంది

చిన్న ఊళ్లకు వచ్చేది ఎక్కువగా ఏటీఆర్-72. రెండు ప్రొపెల్లర్ల విమానం. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లుంటాయి. పెద్ద నగరాల మధ్య తిరిగే ఎయిర్‌బస్ ఎ320లో 180కి అటూఇటుగా ఉంటాయి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు, ఏటీఆర్‌కు అది ధారాళంగా సరిపోతుంది.

ఏటీఆర్ ఇంధనం తక్కువ తాగుతుంది కాబట్టి టికెట్ చౌకగా ఉండాలనిపిస్తుంది. లెక్క అలా నడవదు. పైలట్లు ఇద్దరు, క్యాబిన్ సిబ్బంది, కింద గ్రౌండ్ సిబ్బంది, మెయింటెనెన్స్, విమానం అద్దె, ఇవన్నీ 78 మంది మీదే పంచాలి. దూరం తక్కువైతే ఇంకో దెబ్బ. టేకాఫ్, పైకెక్కడం, దిగడం, నేల మీద తిరగడం, ఇంత ఖర్చూ ప్రయాణం 200 కిలోమీటర్లయినా 800 కిలోమీటర్లయినా దాదాపు ఒకటే. దాంతో కిలోమీటరుకు పడే ఖర్చు దగ్గరి ఊళ్లకే ఎక్కువ.

ఊహకు అందేలా ఒక లెక్క వేసుకుందాం. ఒక ట్రిప్పుకు అన్నీ కలిపి సంస్థకు 3 లక్షల రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె మాత్రమే. 78 సీట్లూ నిండితే తలా 3,850 రూపాయలు పడుతుంది. 60 మందే ఎక్కితే 5,000. 40 మందే వస్తే 7,500. విమానం మాత్రం అదే, ఖర్చూ అదే. ఖాళీ సీటు ఖర్చు నిండిన సీటు మోయాలి. 180 సీట్ల విమానంలో ఇరవై సీట్లు ఖాళీ పోతే పెద్ద తేడా రాదు, 78 సీట్లలో ఇరవై ఖాళీ పోతే ట్రిప్పంతా నష్టాల్లోకి జారుతుంది. చిన్న ఊళ్ల రూట్ల మీద సంస్థలు ధర దించడానికి భయపడేది ఇందుకే. ఆ భయం కొంతవరకు న్యాయమే.

న్యాయం కాని భాగం వేరే ఉంది. దేశంలో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ 1994లోనే పోయింది. ధర ఎంతుండాలో సంస్థలే నిర్ణయించుకుంటాయి. ప్రతి విమానంలో సీట్లను కొన్ని ధరల మెట్లుగా విడగొడతారు, చౌక మెట్టు సీట్లు అయిపోగానే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోజూ బోలెడు విమానాలు, వాటిలో వేరువేరు సంస్థలవీ ఉన్నాయి. ఒకదాంట్లో చౌక సీట్లు అయిపోతే ఇంకోదాంట్లో దొరుకుతాయి. ఒక సంస్థ పెంచితే ఇంకో సంస్థ వైపు జనం పోతారు. కడపలో, కర్నూలులో అయితే ఒక్కో రూటు మీద ఉన్నది ఒకే సంస్థ, ఆ రోజుకు ఒకే విమానం. చౌక సీట్లు నాలుగో ఐదో ముందే అయిపోతే మిగిలినవాళ్లకు బేరమాడే దారి లేదు. ఆసుపత్రి పనో, కోర్టు పనో, చావు కబురో వచ్చి రేపే వెళ్లాలన్నవాళ్ల మీద ఈ భారం ఎక్కువ పడుతుంది. అవసరం ఎక్కువున్న మనిషి దగ్గరే ఎక్కువ వసూలయ్యే పద్ధతి ఇది. పోటీ ఉన్న చోట దాన్ని పోటీయే కొంత అదుపులో పెడుతుంది, పోటీ లేని చోట ప్రభుత్వం చూసుకోవాలి.

ఇండిగో వాటా దేశీయ ప్రయాణికుల్లో 60 శాతం పైమాటే. ఏటీఆర్‌లు నడిపే మిగతా సంస్థలు అలయన్స్ ఎయిర్, ఫ్లై91 లాంటివి చిన్నవి, వాటి దగ్గర విమానాలే తక్కువ. ఒకే సంస్థ మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబరు మొదట్లో దేశమంతా చూసింది. పైలట్ల డ్యూటీ, విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు సరిపడా ఏర్పాట్లు లేక ఇండిగో సర్వీసులు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి, మిగిలిన టికెట్ల ధరలు ఆకాశానికంటాయి. కేంద్రం రంగంలోకి దిగి తాత్కాలికంగా గరిష్ఠ చార్జీలు పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు మించకూడదని చెప్పింది. తలుచుకుంటే కేంద్రం హద్దు గీయగలదని దాంతో తేలిపోయింది. పెద్ద నగరాల్లో గొడవైతే గీసిన హద్దును చిన్న ఊళ్లలో ఏడాది పొడవునా ఎందుకు గీయకూడదన్నది న్యాయమైన ప్రశ్న.

పన్నుల సంగతి క్లుప్తంగా. ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, దాని మీద విమానాశ్రయ భద్రత ఫీజు లాంటివి. ఇవి తక్కువ ధర టికెట్ మీద బరువుగా కనిపిస్తాయి కానీ అసలు సమస్య ఇవి కావు. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు, దాని మీద రాష్ట్రాలు వ్యాట్ వేస్తాయి. ఉడాన్ విమానాశ్రయాల్లో ఆ వ్యాట్ 1 శాతం మించకూడదన్నది పథకం షరతు. రాష్ట్రం చేయగలిగిన ఆ మేలు జరిగినా సర్వీసులు నిలబడలేదంటే పన్నుల్లో వెతికి లాభం లేదు.

మూడేళ్ల గడువు

కడప విమానాశ్రయం 1953 నాటిది. దశాబ్దాల పాటు ప్రయాణికుల విమానాలు లేకుండా ఉండి, కొత్త టెర్మినల్‌తో 2015 జూన్ 7న మళ్లీ తెరుచుకుంది. ఎయిర్ పెగాసస్ అనే చిన్న సంస్థ బెంగళూరుకు సర్వీసు మొదలెట్టింది. ఏడాది తిరిగాక, 2016 జులైలో ఆ సంస్థే మూతపడింది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ కింద ట్రూజెట్ వచ్చింది. హైదరాబాద్‌తో పాటు చెన్నై, విజయవాడలకూ తిప్పింది. తర్వాత అదీ కష్టాల్లో పడి ఆగిపోయింది. 2022 మార్చి నెలాఖరులో ఇండిగో అడుగుపెట్టింది. ఏడేళ్లలో ముగ్గురు మారారు, మధ్యలో విమానమే లేని నెలలు గడిచాయి.

కర్నూలు కథ ఇంకో తీరు. ఓర్వకల్లు విమానాశ్రయాన్ని రాష్ట్ర ప్రభుత్వమే కట్టింది. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రారంభించారు. విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ లైసెన్సు తర్వాత రెండేళ్లకు గానీ రాలేదు. 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రారంభించాక, 28న ఇండిగో బెంగళూరు, విశాఖపట్నం, చెన్నైలకు ఉడాన్ కింద విమానాలు మొదలెట్టింది. 2025 జులైలో విజయవాడకు వారంలో మూడు రోజుల సర్వీసు వచ్చింది.

ఉడాన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ రాకపోకల వెనక ఏముందో అర్థమవుతుంది. ఎవరూ తిరగని రూటు మీద తిరగడానికి సంస్థలు పోటీ పడి వేలంలో పాల్గొంటాయి. ఎంత తక్కువ సాయం అడిగితే వాళ్లకు రూటు దక్కుతుంది. వచ్చే నష్టాన్ని పూడ్చడానికి ఇచ్చే ఈ సాయాన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. అందులో రాష్ట్రం వాటా 20 శాతం. మిగతా డబ్బు పెద్ద రూట్ల మీద తిరిగే విమానాల నుంచి వసూలు చేసే లెవీ ద్వారా వస్తుంది. అంటే ఢిల్లీ-ముంబై ప్రయాణికుడు కడప ప్రయాణికుడి టికెట్‌లో కొంత భరిస్తాడు. ఆలోచన మంచిదే. సాయం మూడేళ్లు, ఆ మూడేళ్లూ ఆ రూటు మీద ఆ సంస్థకే ప్రత్యేక హక్కు.

బదులుగా సంస్థ సగం సీట్లను ప్రభుత్వం నిర్ణయించిన ధరకు మించకుండా అమ్మాలి. పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి ఆ హద్దు 2,500 రూపాయలు. ఆ అంకె బాగా ప్రచారమైంది. 78 సీట్ల విమానంలో ఆ ధర వర్తించేది 39 సీట్లకే, మిగతా 39 సీట్లకు మార్కెట్ ధరే అన్న సంగతి మాత్రం జనానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 2,500కే విమానం అని విని ఫోన్‌లో వెతికినవాళ్లకు రెట్టింపు ధర కనిపిస్తే మోసం జరిగిందనుకోవడం సహజం. ఒకసారి అలా అనుకున్న మనిషి రెండోసారి వెతకడు.

మూడేళ్లయ్యాక సాయం ఆగుతుంది, ధరల హద్దు పోతుంది, ప్రత్యేక హక్కూ పోతుంది. అప్పుడు ఇంకో సంస్థ పోటీకి రావాలి. ఎవరూ రారు. ఉన్న సంస్థ ధర పెంచుతుంది, లేదా రోజులు తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. ఇది కడప, కర్నూలుల దురదృష్టం మాత్రమే కాదు. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక దేశం మొత్తం లెక్క చెప్పింది. ఉడాన్ మూడో విడత దాకా 774 రూట్లు ఇస్తే అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. గడువు దాటాక కూడా నడుస్తున్నవి, 2023 మార్చి నాటికి, 54. ఇచ్చిన రూట్లలో ఇవి 7 శాతం.

ఈ అంకెల్లో కనిపించని నష్టం ఒకటుంది. అది అలవాటు పోవడం. పొద్దుటూరు వ్యాపారి ఒకరు నెలకు రెండుసార్లు కడప నుంచి హైదరాబాద్ విమానంలో వెళ్తున్నారనుకుందాం. సర్వీసు ఆగగానే ఆయన రాత్రి బస్సుకో, కారుకో మారతారు. ఎనిమిది నెలల తర్వాత కొత్త సంస్థ వచ్చినా ఆయనకు తెలియదు, తెలిసినా నమ్మరు. కొత్త సంస్థ మొదటి నెలల్లో ఖాళీ సీట్లతో తిరుగుతుంది, ఈ రూటు మీద డిమాండ్ లేదని తేల్చుకుంటుంది. డిమాండ్ లేక సర్వీసు పోయిందని రాసుకుంటారు. నిజానికి సర్వీసు పోయి పోయి డిమాండ్‌ను చంపింది. మూడేళ్ల గడువున్న ప్రతి పథకమూ ఈ గుంటలోనే పడుతుంది, ఎందుకంటే ఒక ప్రాంతంలో విమానం ఎక్కే అలవాటు కుదరడానికి మూడేళ్లు చాలదు.

ఎక్కేవాళ్ల వైపు నుంచి

ధర ఒక్కటే చూస్తే పూర్తి చిత్రం కనపడదు. టైమింగ్ చూడాలి. ఏటీఆర్ రాత్రి నిలబడేది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో. పొద్దున్నే అది ఎక్కువ ఆదాయం వచ్చే ఊరికి పోతుంది. చిన్న ఊరి వంతు మధ్యాహ్నం వస్తుంది. చిన్న విమానాశ్రయాల్లో విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ పనివేళలు కూడా తక్కువే. అందుకని పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావడం కుదరదు. టికెట్ ధరకు ఒక రాత్రి లాడ్జి ఖర్చు, ఒక రోజు పని పోవడం కలుస్తాయి. సర్వీసు వారంలో మూడు రోజులే అయితే ఇంకా కష్టం. హైకోర్టు 2019 జనవరి నుంచి అమరావతిలో ఉంది. కర్నూలు లాయరు విజయవాడ విమానంలో వెళ్తే వాయిదా పడిన రోజుకు విమానం ఉండాలి, తిరుగు ప్రయాణం రోజుకూ ఉండాలి. రెండూ కలిసే వారాలు తక్కువ.

కువైట్ ప్రయాణికుల విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు, నిజానికి కడప విమానాశ్రయానికి పెద్ద ఆశ వాళ్లే. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, కడప ప్రాంతాల నుంచి వేలాది మంది కువైట్‌లో పనిచేస్తున్నారు. ఏడాదికో, రెండేళ్లకో వచ్చిపోతారు. వాళ్లు వెళ్లేది చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి. ఊరి నుంచి కారు మాట్లాడుకుని, సాగనంపేవాళ్లంతా కలిసి రాత్రికి రాత్రి బయల్దేరతారు. కడప నుంచి విమానంలో పోయి అక్కడ విమానం మారవచ్చు కదా అంటే, లగేజీ దగ్గర చిక్కొస్తుంది. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోల దాకా లగేజీ ఇస్తారు. దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే. విడివిడిగా టికెట్లు కొంటే మిగతా కిలోలకు కౌంటర్ దగ్గర అదనంగా కట్టాలి. తిరిగొచ్చేటప్పుడు ఇంటిల్లిపాదికీ సామాను తెచ్చే మనిషికి ఇది కుదరదు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ టికెట్ డబ్బులు గల్లంతు. కడప నుంచి కువైట్ దాకా ఒకే టికెట్, ఒకే లగేజీ లెక్క ఉంటే ఈ రెండు చిక్కులూ తీరిపోతాయి. గల్ఫ్ సంస్థలతో ఇలాంటి ఒప్పందం ఉన్న విమానం కడపకు వస్తే సీట్లు నింపుకోవడానికి తంటాలు పడనక్కర్లేదు.

అనంతపురం వాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. బెంగళూరు విమానాశ్రయం ఒప్పందం ప్రకారం, అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల గగన దూరంలో కొత్త విమానాశ్రయం రాకూడదు. తమిళనాడు హోసూరు విమానాశ్రయం ఆశలు ఈ షరతు దగ్గరే ఆగుతున్నాయి. మ్యాపు మీద కొలిస్తే హిందూపురం, పెనుకొండ ఆ వలయం లోపల ఉన్నాయి, అనంతపురం టౌన్ కాస్త బయట పడుతుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అక్కడికి వచ్చే ఇంజినీర్లు, కొరియన్లు దేవనహళ్లిలో దిగి రోడ్డు మీద వస్తారు. రెండు గంటల లోపు దారి కాబట్టి వాళ్లకు అనంతపురంలో విమానాశ్రయం అవసరమే అనిపించదు.

పుట్టపర్తిలో మాత్రం 1990 నవంబరులో తెరిచిన శ్రీసత్యసాయి విమానాశ్రయం ఉంది. ట్రస్టుది. ఒకప్పుడు ప్రయాణికుల సర్వీసులూ నడిచాయి. ఇప్పుడు ఎక్కువగా ప్రత్యేక విమానాలకే పరిమితం. అనంతపురంలో కొత్తది కట్టాలన్న డిమాండ్ వచ్చినప్పుడల్లా ముందు చూడాల్సింది ఉన్న ఈ రన్‌వేను. బెంగళూరుకు పోటీగా కాకుండా, విజయవాడ, విశాఖ వైపు వారంలో కొన్ని రోజులైనా అక్కడి నుంచి తిప్పడం సాధ్యమేమో తేల్చాలి. వందల కోట్లు పోసి ఇంకో టెర్మినల్ కట్టి, దానికి విమానం కోసం మళ్లీ సంస్థల చుట్టూ తిరగడం కంటే అది నయం.

తూర్పు వైపు

సీమకు విమానం అవసరం ఉన్న దిక్కు తూర్పు. కర్నూలు నుంచి విజయవాడకు రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, నల్లమల దాటి పోవాలి, బస్సులో ఏడెనిమిది గంటలు. గుంటూరు-గుంతకల్లు రైలు మార్గం నంద్యాల, డోన్ మీదుగా పోతుంది కానీ కర్నూలు టౌన్‌కు రాదు. విశాఖ అయితే 700 కిలోమీటర్ల దాకా, ఒక రాత్రి చాలదు. కడప నుంచి కూడా అంతే. సచివాలయం, హైకోర్టు, రాష్ట్రంలోని పెద్ద ఓడరేవు, అన్నీ అటు వైపే ఉన్నాయి. అటు పోయే రోడ్డు, రైలు హైదరాబాద్-బెంగళూరు దారి అంత బాగా లేవు. అంటే విమానం గెలవగలిగే పోటీ ఇక్కడే ఉంది.

ఒకే రాష్ట్రంలో రెండు కొసలను కలిపే రూటు కాబట్టి దీనికి పూచీ రాష్ట్ర ప్రభుత్వానిదే. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఆ ఊరు నేటి రాజధానికి రోజూ పోయి రాగలిగేలా ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, కార్పొరేషన్ల సిబ్బంది ఏటా ఈ దారిలో ఎన్ని ప్రయాణాలు చేస్తున్నారో ప్రయాణ భత్యం (టీఏ) బిల్లుల్లోనే ఉంటుంది. ఆ ప్రయాణాల్లో కొంత భాగానికి ప్రతి విమానంలో పదో పదిహేనో సీట్లు రాష్ట్రమే ముందే కొనేస్తే, ఆ మేరకు సంస్థకు ఖాళీ సీటు భయం తగ్గుతుంది. నష్టం వచ్చాక పూడ్చడానికి ఇచ్చే సాయం కంటే ఇది మెరుగు, ఎందుకంటే డబ్బుకు బదులుగా ప్రయాణం దొరుకుతుంది. ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు (నోడ్‌లకు) 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం చెప్పింది. అక్కడికి వచ్చే కంపెనీలను కూడా ఇలాగే సీట్ల ఒప్పందంలోకి తీసుకురావచ్చు. భూమి ఇచ్చేటప్పుడే అడగాల్సిన మాట ఇది, ఫ్యాక్టరీ లేచాక అడిగితే ఎవరూ వినరు.

పొద్దున ఏడు గంటలకు కర్నూలు నుంచి లేచి, సాయంత్రం చీకటి పడేలోపు తిరిగొచ్చే ఒక్క విమానం, వారానికి ఆరు రోజులు, ఐదేళ్ల పాటు టైము మారకుండా నడిస్తే ఎలా ఉంటుందో ఇంతవరకు సీమలో ఎవరూ ప్రయత్నించలేదు. దానికి విమానం రాత్రి ఓర్వకల్లులోనే నిలబడాలి, ఏటీసీ పనివేళలు పెంచాలి, చీకట్లో దిగే లైట్లుండాలి, మబ్బు పట్టినప్పుడు దిగడానికి పరికరాలుండాలి. ఇవేవీ శంకుస్థాపన ఫొటోల్లో కనిపించేవి కావు. 2024 మార్చిలో ప్రధాని కడప కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన చేశారు. ఆ భవనం మంచిదే, ఒక రోజు కావాలి కూడా. కానీ రోజుకు రెండు మూడు ఏటీఆర్‌లు వచ్చే చోట ముందు కావాల్సింది విమానాలు, తర్వాత కుర్చీలు. ఖర్చు వరస తిరగబడింది.

ఓర్వకల్లు దాకా చేరడం కూడా ఖర్చే. ఆర్టీసీ కర్నూలు బస్టాండ్ నుంచి విమానం టైముకు ఒక్క బస్సు వేస్తే, నంద్యాల నుంచి ఇంకొకటి వేస్తే, టికెట్ మీద ఆటో, ట్యాక్సీ భారం తగ్గుతుంది. చిన్న పనే, ఇద్దరు డిపో మేనేజర్లు తలుచుకుంటే అయ్యే పని.

2025 బడ్జెట్‌లో కేంద్రం ఉడాన్‌ను మార్చి, పదేళ్లలో 120 కొత్త గమ్యాలకు, 4 కోట్ల మంది ప్రయాణికులకు విస్తరిస్తామంది. కొత్త గమ్యాల కంటే ముందు పాత గమ్యాలు నిలబడాలని ఏపీ ఎంపీలు అడగాలి. మూడేళ్లకు ఒక్కసారిగా ఆగిపోయే సాయం బదులు ఏడెనిమిదేళ్లలో మెల్లగా తగ్గే సాయం కావాలని, ఒకే సంస్థ ఉన్న రూటు మీద సాయం ముగిశాక కూడా ఆఖరి నిమిషం టికెట్‌కు ఒక హద్దు ఉండాలని, సర్వీసు ఆపాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని, ఈ మూడు షరతులూ టెండరు కాగితాల్లోకి ఎక్కించాలి. కర్నూలు, కడప రూట్ల తర్వాతి టెండరు పిలిచే లోపే ఆ పని జరగాలి.